వేగానికి పగ్గాలు

నన్నయ భట్టారకుడు తెలుగు చేసిన అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ప్రసిద్ధమైనది. బాహుకుడనే మారుపేరుతో, మారురూపంతో ఉన్న నలమహారాజు ఋతుపర్ణునికి సారథియై, అయోధ్య నుంచి విదర్భకు ఒక్క పగటిలో రథాన్ని నడపవలసి వస్తుంది. దారిలో ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడుతుంది. దాన్ని తెప్పించుకోవాలని రాజు అనుకునేలోగానే అది ఆమడ దూరం వెనుకబడిపోయిందని సారథి చెబుతాడు. ఈ ఘట్టం చదివినవారందరూ ఆ వేగాన్ని మెచ్చుకుంటారు. ఆ తరువాత ఒక తాండ్రచెట్టు దగ్గర, దాని ఆకులూ కాయలూ లెక్కించి చూడడం కోసం, అదే సారథి అదే రథాన్ని నిలిపిన సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. అశ్వహృదయం తెలిసినవాడంటే గుర్రాలను పరుగెత్తించగలవాడని చెప్పుకుంటే అది సగం అర్థమే. పరుగెత్తేదాన్ని తలచిన చోట నిలపగలగడం మిగిలిన సగం.

ఈ కాలపు విద్యార్థికి రథమూ గుర్రమూ రెండూ సైకిలే. ఆ సైకిలు కొనేటప్పుడు రంగు, గేర్ల సంఖ్య, టైరు లావు పరిశీలించినంత శ్రద్ధగా బ్రేకును పరిశీలించేవారు అరుదు. అయినా నేడు అంగడికి వెళ్ళినవారి ముందు ఒక ప్రశ్న తప్పక నిలుస్తున్నది. వైరుతో లాగే బ్రేకు కావాలా, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు కావాలా? ధర హెచ్చయినదే మేలైనదని కొందరు, పాతదే గట్టిదని కొందరు క్షణంలో తేల్చివేస్తారు. నిజానికి ఇది ఒక వానరోజున, ఒక వాలుదారిలో, మలుపు తిరగగానే ఎదురైన లారీ ముందు ఒక నిండుప్రాణం విలువ చేసే ప్రశ్న. కాబట్టి రెండింటి నిర్మాణాన్నీ, స్వభావాన్నీ, అవి కోరే సేవనూ తెలుసుకున్న పిమ్మటనే తీర్పు చెప్పడం ఉచితం.

మన పల్లెల్లో పాలవాళ్ళు, పోస్టుమాన్లు, బడిపంతుళ్ళు తరతరాలుగా తొక్కిన నల్లని పెద్ద సైకిలుకు ఉండేది కడ్డీ బ్రేకు. హేండిలు కింది లీవరును నొక్కితే ఇనుపకడ్డీలు పైకి లేచి రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి అంచుకు ఒత్తేవి. ఆ కడ్డీలు తెగేవి కావు. కాని ఉక్కు రిమ్ము వానకు తడిసిందంటే రబ్బరుకు పట్టు చిక్కేది కాదు. 1896లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనే ఆవిష్కర్త, తొడుగులో ఇటూ అటూ కదిలే ఉక్కువైరుకు పేటెంటు పొందాడు. వంకరటింకర దారిలో కూడా లాగుడుశక్తిని ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చగలగడం దాని విశేషం. ఈనాటికీ సైకిలు బ్రేకు వైరుకూ, మోటారు సైకిలు క్లచ్చి వైరుకూ మూలసూత్రం అదే.

నూనెతో పనిచేసే బ్రేకుకు మూలం ఇంకా పాతది. ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త, గణితవేత్త బ్లేజ్ పాస్కల్ 1662లో మరణించాడు. ద్రవాల సమతాస్థితిని గురించి ఆయన రాసిన గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి తగ్గకుండా అన్ని దిక్కులకూ వ్యాపిస్తుందన్నది ఆ సూత్రం. నేటి భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో విద్యార్థులు చదివే పాస్కల్ నియమం ఇదే. అమెరికాలో 1921లో వెలువడిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు అమర్చుకొని వచ్చింది. సైకిలు వరకు ఆ విద్య రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1987లో జర్మనీకి చెందిన మగురా సంస్థ సైకిలు రిమ్మును పట్టే హైడ్రాలిక్ బ్రేకును అందించింది. ఆ పైన కొండదారుల సైకిళ్ళకు డిస్కు బ్రేకులు వచ్చాయి. రోడ్డు పందేల్లో వాటిని అనుమతించడానికి మాత్రం అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య చాలాకాలం తటపటాయించి, ప్రయోగాలు జరిపి, చివరకు 2018 జూలై 1 నుంచి పూర్తి ఆమోదం తెలిపింది.

బ్రేకు చేసే పని ఏమిటో ముందు స్పష్టంగా గ్రహించాలి. సైకిలూ మనిషీ కలిసి 80 కిలోల బరువు ఉన్నారనుకుందాం. గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు వారి గతిశక్తి 4,000 జౌళ్ళు. బ్రేకు నొక్కినప్పుడు ఆ శక్తి మాయం కాదు. రాపిడి వల్ల వేడిగా మారుతుంది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే కాస్త వేగం పెరిగినా ఆగడానికి పట్టే దూరం మన ఊహకు మించి పెరుగుతుంది. ఇక కొండ దిగే సందర్భం వేరు. అదే బరువు 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 78,400 జౌళ్ళు. అంటే పరుగులో ఉన్న సైకిలును దాదాపు ఇరవైసార్లు నిలపడంతో సమానం. అందులో కొంత గాలి తీసుకుంటుంది. మిగిలినదంతా అరచేతి వెడల్పు కూడా లేని రబ్బరు ముక్కలో, పలుచని ఉక్కు బిళ్ళో భరించాలి. బ్రేకు అనే చిన్న పరికరం మీద పడే భారం ఇంతటిది.

వైరు బ్రేకు నిర్మాణం కంటికి కనిపించేది, చేతికి అందేది. సన్నని ఉక్కుపోగులను పేని చేసిన సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల వైరు, దాని చుట్టూ తొడుగు, ఒక కొసన లీవరు, రెండవ కొసన రిమ్మునో డిస్కునో పట్టే దవడలు. ఇంతే. లీవరు నొక్కితే వైరు లాగబడుతుంది. వైరు లాగితే దవడలు మూసుకుంటాయి. వదలగానే స్ప్రింగు వాటిని వెనక్కి తెస్తుంది. పట్టు సడలినప్పుడు లీవరు దగ్గరున్న చిన్న మరను రెండు చుట్లు తిప్పితే చాలు, మళ్ళీ బిగువు వస్తుంది. ఒక స్పానరు, ఒక కటింగ్ ప్లేయరు, ఒక కొత్త వైరు ఉంటే కొద్ది నిమిషాల్లో దీన్ని బాగుచేసుకోవచ్చు. మండల కేంద్రంలోనే గాక, చెట్టు కింద గాలిపంపు పెట్టుకొని కూర్చున్న సైకిలు మెకానిక్కు దగ్గర కూడా ఆ వైరు దొరుకుతుంది. ఈ సులభత్వమే దాని మొదటి బలం.

అయితే వైరుకు సహజమైన బలహీనతలు కొన్ని ఉన్నాయి. తొడుగులో ప్రతి మలుపు దగ్గరా రాపిడి పుడుతుంది. వేలు పెట్టిన బలంలో కొంత దారిలోనే ఖర్చయిపోతుంది. దుమ్మూ వాననీరూ లోపలికి చేరితే తుప్పు పట్టి వైరు బిగుసుకుంటుంది. నొక్కిన లీవరు తిరిగి రావడానికే బద్ధకిస్తుంది. గట్టిగా నొక్కినప్పుడు తొడుగు కొద్దిగా కుదించుకుపోవడం వల్ల కూడా పట్టు కొంత తగ్గుతుంది. వీటన్నిటికంటె ప్రమాదకరమైనది పోగులు తెగడం. లీవరు లోపల వైరు గుండు కూర్చునే చోట, కింద మర బిగించే చోట, వైరు పదేపదే వంగి ఒక్కొక్క పోగూ తెగుతూ వస్తుంది. మిగిలిన పోగులు ఆ భారాన్ని కొంతకాలం మోస్తాయి. చివరకు బలంగా నొక్కవలసిన క్షణంలోనే, అంటే బ్రేకు అత్యవసరమైన క్షణంలోనే, అవి ఒక్కసారిగా తెగుతాయి. అంతకుముందు రోజు వరకు ఆ బ్రేకు బాగానే పనిచేసి ఉండవచ్చు.

వైరు బ్రేకుకు కావలసిన సేవ తరచుగా చేయవలసినదే గాని కష్టమైనది కాదు. వారానికొకసారి రెండు కొసలనూ వెలుతురులో చూడాలి. ఒక్క పోగు లేచి ముల్లులా గుచ్చుకున్నా వైరు మార్చవలసిందే. లోపల ప్లాస్టిక్ పొర లేని పాతరకం తొడుగయితే అప్పుడప్పుడు నూనె చుక్క వేయాలి. రిమ్ముకు అంటిన మట్టినీ జిడ్డునూ తుడవాలి. రబ్బర్లలో ఇసుకరేణువులు దిగబడితే అవి రిమ్మును గీసి పలుచన చేస్తాయి కనుక వాటిని ఏరివేయాలి. రబ్బర్ల మీది గాళ్ళు అరిగి కనబడకుండా పోతే కొత్తవి వేయాలి. రబ్బరు టైరును తాకకుండా రిమ్ము మీదే ఆనేటట్లు చూడాలి. రోజూ తిరిగే సైకిలుకు ఏటేటా, వానకాలం ముగిశాక, వైరునూ తొడుగునూ కలిపి మార్చుకోవడం మంచి అలవాటు. ఈ పనులన్నీ పదిహేనేళ్ళ పిల్లలు నేర్చుకోదగినవే.

హైడ్రాలిక్ బ్రేకు ఇందుకు భిన్నమైనది. మోటారు సైకిలు హేండిలు మీద కుడిచేతి వైపున చిన్న నూనెడబ్బా ఉండడం చాలామంది చూసే ఉంటారు. సైకిలులో ఆ డబ్బా లీవరులోనే ఒదిగి ఉంటుంది. లీవరు నొక్కగానే అక్కడి చిన్న పిస్టను గొట్టంలోని నూనెను ముందుకు తోస్తుంది. చక్రం దగ్గరి క్యాలిపరులో ఉన్న పెద్ద పిస్టన్లు కదిలి, ప్యాడ్లను ఇరువైపులా డిస్కుకు అదుముతాయి. లీవరు వైపు పిస్టను వ్యాసం 10 మిల్లీమీటర్లు, క్యాలిపరు వైపు 22 మిల్లీమీటర్లు అనుకుంటే, వైశాల్యాల నిష్పత్తి సుమారు 4.8. పాస్కల్ నియమం ప్రకారం అటువైపు ఒక్కొక్క పిస్టను మీద పడే బలం కూడా అన్ని రెట్లవుతుంది. గొట్టం ఎన్ని మలుపులు తిరిగినా నూనెకు వైరుకున్నంత రాపిడి ఉండదు. అందువల్ల ఒకే ఒక్క వేలితో, కావలసినంత మాత్రమే నొక్కి, వేగాన్ని మెల్లగా తగ్గించవచ్చు. అవసరమైతే గట్టిగా నిలపవచ్చు.

దీనికి మరొక సుగుణం ఉంది. నూనె మూసిన గొట్టంలో ఉంటుంది కనుక దుమ్ము, బురద, వాన దానిని చేరలేవు. డిస్కు చక్రం మధ్యలో, రోడ్డు మీది నీటికి దూరంగా ఉంటుంది. తడిసినా ప్యాడ్లు త్వరగా ఆ నీటిని తుడిచివేస్తాయి. రిమ్ము కొద్దిగా వంకరపోయినా బ్రేకు చెడదు. ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్లు తమంతట తామే కాస్త ముందుకు జరుగుతాయి; ఆ ఖాళీని లీవరులోని నిల్వనూనె నింపుతుంది. కాబట్టి మరలు తిప్పవలసిన పని లేదు. నెలలు గడిచినా లీవరు మొదటిరోజు ఎంత లోతుకు నొక్కామో అంతే లోతుకు నొక్కితే సరిపోతుంది. కొన్నవారు దీన్ని చూసి ఈ బ్రేకుకు సేవే అక్కరలేదని సంతోషిస్తారు.

ఆ సంతోషంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. వైరు బ్రేకు రబ్బరు అరిగితే లీవరు వదులై హేండిలు వరకు వస్తుంది. ఆ విసుగే ఒక హెచ్చరిక. దానివల్ల మనిషి వంగి చక్రం వైపు చూస్తాడు. హైడ్రాలిక్ బ్రేకు తన అరుగుదలను తానే సర్దుకొని దాచిపెడుతుంది. చేతికి ఏ తేడా తెలియకుండానే ప్యాడు మీది పదార్థం హరించుకుపోయి, చివరకు దాని వెనుకనున్న లోహపు పలక డిస్కును గీరుతుంది. అప్పటికి డిస్కు కూడా పాడైపోతుంది. ప్యాడు మీది పదార్థం అర మిల్లీమీటరుకు చేరితే మార్చాలనీ, 1.8 మిల్లీమీటర్ల మందంతో వచ్చిన డిస్కు 1.5 మిల్లీమీటర్లకు అరిగితే తీసివేయాలనీ షిమానో సంస్థ తన డిస్కులకు సూచిస్తుంది. ఆ మేర అరుగుదల చేతికి తెలిసేది కాదు. కంటితో చూసి, కొలిచి తెలుసుకోవలసినది. సేవకుడు నోరెత్తడు గదా అని అతని ఆకలిని మరచిపోయే యజమాని వంటివాడు, ఈ బ్రేకును పట్టించుకోని సైకిలు యజమాని.

రెండవ చిక్కు గాలి. నూనెను అదిమితే అది కుదించుకుపోదు; గాలి కుదించుకుపోతుంది. గొట్టంలో చిన్న బుడగ చేరినా, నొక్కిన బలం దాన్ని కుదించడంతోనే సరిపోయి, లీవరు మెత్తగా దూదిని నొక్కినట్లు అవుతుంది. అప్పుడు సిరంజీలతో నూనెను పంపి గాలి తీయాలి. మెకానిక్కులు దీన్నే బ్లీడింగ్ అంటారు. ఏడాదికొకసారి ఈ పని చేయించుకోవడం మంచిది. బస్సు మీద పడుకోబెట్టి తెచ్చిన సైకిలులోనూ, పంక్చరు వేయడానికి తలకిందులు చేసిన సైకిలులోనూ డబ్బాలోని గాలి గొట్టంలోకి జారే అవకాశం ఉంది. అందుకే నిటారుగా నిలబెట్టి, కొన్నిసార్లు లీవరు నొక్కి చూచి, గట్టిదనం వచ్చిన తరువాతే ఎక్కాలి. చక్రం ఊడదీసినప్పుడు ప్యాడ్ల నడుమ ఒక ప్లాస్టిక్ ముక్క ఉంచాలి. లేకపోతే ఎవరో సరదాకు లీవరు నొక్కినా పిస్టన్లు బయటికి వచ్చి, ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మూడవది నూనె రకం. మన ఊళ్ళలో ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. సైకిలు హైడ్రాలిక్ బ్రేకుల్లో కొన్ని ఖనిజ తైలంతో, కొన్ని డాట్ అనే గుర్తు గల బ్రేకు ద్రవంతో పనిచేస్తాయి. షిమానో, మగురా బ్రేకులు మొదటి రకానికి చెందినవి. మోటారు సైకిలు షాపుల్లో దొరికేది రెండవ రకం. ఒకదాని కోసం చేసిన రబ్బరు సీళ్ళు మరొకదానిని భరించలేవు. ఉబ్బి, మెత్తబడి, చెడిపోతాయి. “బ్రేకు ఆయిలంటే బ్రేకు ఆయిలే కదా” అని మోటారు సైకిలు మెకానిక్కు మంచిమనసుతో పోసిన నాలుగు చుక్కలు, కొన్నాళ్ళకు బ్రేకునంతటినీ పనికిరాకుండా చేయగలవు. డాట్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం కూడా ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టినప్పుడు ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. దీర్ఘమైన కొండవాలులో పాత ద్రవం మరిగి ఆవిరి పుడితే, ఆవిరి కూడా గాలివలె కుదించుకుపోయి, లీవరు హేండిలును తాకుతుంది. చక్రం మాత్రం ఆగదు. అందుచేత ఏ నూనె వాడాలో లీవరు మీదనే రాసి ఉన్న మాటను చదవడం అక్షరాస్యులందరి కర్తవ్యం.

ఇంకొక జాగ్రత్త డిస్కు శుభ్రతకు సంబంధించినది. చెయినుకు నూనె వేసేటప్పుడు చింది డిస్కు మీద పడినా, జిడ్డువేళ్ళతో ముట్టుకున్నా, ప్యాడ్లు ఆ నూనెను పీల్చి కీచుమని అరుస్తాయి, పట్టు పోతుంది. డిస్కును స్పిరిట్‌తో తుడవవచ్చును గాని, నూనె ఇంకిన ప్యాడ్లను చాలాసార్లు మార్చక తప్పదు. కొత్త ప్యాడ్లు వేసిన తరువాత నిర్జనమైన దారిలో, మధ్యరకం వేగం నుంచి ఇరవైసార్లు మెల్లగా వేగం తగ్గిస్తూ వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. ఆ పని చేయకుండా నేరుగా ఘాటురోడ్డు ఎక్కడం సాహసం.

ఇప్పుడు నమ్మకం అనే మాటకు అర్థం విచారించవలసి ఉన్నది. ఒక వస్తువు ఎన్నడూ చెడకపోవడం ఒకరకం నమ్మకం. చెడినా, చెడినచోటనే బాగుపడగలగడం రెండవరకం. హైడ్రాలిక్ బ్రేకు మొదటి పరీక్షలో ముందుంటుంది. సరిగా అమర్చి, సరైన నూనె పోసి, ఏటేటా చూసుకుంటే అది వానలోనూ బురదలోనూ ఒకే తీరుగా పనిచేస్తుంది. కాని గొట్టం నలిగి నూనె కారిందంటే, సిరంజీ, గొట్టం, నూనె, నేర్పు ఈ నాలుగూ ఒకచోట దొరికేవరకు ఆ బ్రేకు లేనట్టే. వైరు బ్రేకు చిన్న చిన్న చిక్కులు తరచుగా తెచ్చిపెడుతుంది. కాని సీటు కింద సంచిలో చుట్టిపెట్టుకున్న ఒక వైరు, ఏ ఊరికీ చెందని దారిలో కూడా దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. ఒకటి వైద్యుని అవసరం అరుదుగా కలిగే దేహం. రెండవది ఇంటివైద్యానికే లొంగే దేహం. రెండింటిలో ఏది మేలన్నది, వైద్యుడు ఎంత దూరాన ఉన్నాడన్న దానిమీద ఆధారపడుతుంది.

పల్లె నుంచి పట్నపు కళాశాలకు రోజూ ఆరేడు కిలోమీటర్లు తొక్కే విద్యార్థిని సంగతి చూద్దాం. దారి చదునైనది. సైకిలు రాత్రంతా అరుగు పక్కన వానకు తడుస్తుంది. మెకానిక్కుకు తెలిసినది వైరు బ్రేకు. ఆమెకు అల్యూమినియం రిమ్ములూ, మంచి రబ్బర్లూ, తుప్పు పట్టని వైరూ గల బ్రేకు చాలు; మిగిలిన డబ్బుతో లైటో హెల్మెటో కొనుక్కోవడం వివేకం. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాట వంటి చోట, ఉదయం వ్యాయామం కోసం తొక్కేవారికి కూడా ఇది సరిపోతుంది. శ్రీశైలం పోయే నల్లమల ఘాట్లలోనో, మారేడుమిల్లి, అనంతగిరి కనుమల్లోనో దిగేవారి మాట వేరు. అక్కడ గంటల తరబడి లీవరు పట్టుకొని వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. రిమ్మును పట్టే బ్రేకయితే ఆ వేడికి రిమ్ము కాలి, లోపలి ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది. అటువంటివారికి పెద్ద డిస్కులు గల హైడ్రాలిక్ బ్రేకు పెట్టుబడి అనదగినదే గాని విలాసం కాదు.

మనాలి నుంచి లేహ్‌కు సైకిలు మీద పోయే యాత్రికుని సమస్య ఇంకా జటిలమైనది. ఆ దారిలో 5,300 మీటర్లకు పైబడిన తంగ్లంగ్ లా కనుమ ఉన్నది. దిగుడు దీర్ఘమైనది కనుక బలమైన బ్రేకు కావాలి. షాపులు దూరం కనుక తాను బాగుచేసుకోగల బ్రేకు కావాలి. ఈ రెండు కోరికల నడుమ పుట్టిన మధ్యేమార్గమే వైరుతో నడిచే డిస్కు బ్రేకు. డిస్కు ఇచ్చే తడి, బురద రక్షణా, వైరు ఇచ్చే సులభత్వమూ ఇందులో కలుస్తాయి. దీనిలోనూ లోపం లేకపోలేదు. చాలా రకాల్లో ఒకవైపు ప్యాడే కదులుతుంది. రెండవదాన్ని అరిగినప్పుడల్లా మర తిప్పి దగ్గరకు జరపాలి. చౌకరకాల్లో పట్టు మంచి రిమ్ము బ్రేకు కంటె తక్కువగా ఉంటుంది. డిస్కు కనబడినంత మాత్రాన బ్రేకు గొప్పదని భావించడం, తలపాగా చూసి పండితుడని నమస్కరించడం వంటిది.

ఏ బ్రేకు ఎన్నుకున్నా మారని నియమాలు కొన్ని ఉన్నాయి. బ్రేకు నొక్కినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. అందువల్ల నిలిపే శక్తిలో పెద్దభాగం ముందుచక్రానిదే. ముందు బ్రేకును భయపడి వాడనివారు తమకున్న బలంలో సగానికి పైగా వదులుకున్నట్లే. అయితే దాన్ని ఒక్కసారిగా బిగించకుండా, నడుమును వెనక్కి జరిపి, క్రమంగా నొక్కడం అభ్యసించాలి. వాలులో ఆపకుండా నొక్కి పట్టేకంటె, మలుపుకు ముందే వేగం తగ్గించి, వదిలి, చల్లబడనిచ్చి, మళ్ళీ నొక్కడం క్షేమం. బయలుదేరే ముందు రెండు లీవర్లనూ గట్టిగా నొక్కి సైకిలును ముందుకు తోసి చూడాలి. రెండు చక్రాలకూ వేరువేరు బ్రేకులు ఉండడానికి కారణమే, ఒకటి మోసగించిన నాడు రెండవది ఆదుకోవాలని. ఒకటి పాడైనా “రెండవది ఉందిగా” అని తిరిగేవారు ఆ కారణాన్నే కొట్టివేస్తున్నారు.

చివరగా ఒక మాట. మన ఇళ్ళలో సైకిలు ఒకరితో ఆగదు. అక్క చదువు ముగిశాక తమ్మునికి వస్తుంది. అన్న పట్నం పోయాక చెల్లెలికి వస్తుంది. పాత యజమాని చేతికి ఆ సైకిలు గుణం తెలుసు. వెనుక బ్రేకు కాస్త వదులని, ముందుది వానలో ఆలస్యంగా పట్టుతుందని అతని వేళ్ళు ఎరుగును. ఆ లోపాన్ని తెలియకుండానే సర్దుకొని నడుపుతాడు. కొత్తగా తీసుకున్న చిన్నవారికి ఆ సంగతి తెలియదు. మొదటి వాలులోనే తెలుస్తుంది. సైకిలు అప్పగించే రోజున తాళంచెవితో పాటు ఒక కొత్త వైరు జతనో, కొత్త ప్యాడ్ల జతనో వేయించి ఇవ్వడం, ఏ బ్రేకు ఎట్లా నొక్కాలో పక్కన నిలబడి చూపించడం పెద్దవారి బాధ్యత. అందుకయ్యే ఖర్చు స్వల్పం. పట్టే సమయం ఒక సాయంత్రం.